మల్లెకు నీళ్లాపే మాసం

మొన్న మా మరదలు వచ్చింది. మరదలంటే మా చిన్నత్త కూతురు. మలక్‌పేట నుంచి జల్‌పల్లి దాకా ఆటోలో ఒళ్లు హూనం చేసుకుని వచ్చి, కాళ్లైనా కడుక్కోకుండా నేరుగా పెరట్లోకి నడిచింది. పెరడంటే పెద్ద పెరడేం కాదు, చిన్న ప్లాటులో ఇల్లు పోగా మిగిలిన జానెడు నేల. అందులో రెండే చెట్లు పెట్టుకున్నాను. గోడ నీడన జాజి, నడిమధ్య ఎండలో మల్లె. జాజి తీగ తాడు పట్టుకుని డాబా ఎక్కింది, పూసే కాలమంతా పూస్తూనే ఉంటుంది. మల్లె మాత్రం నడుమెత్తు పెరిగి, ఆకు మీద ఆకు వేసుకుని, నిండుగా, పచ్చగా, ఉత్తగా ఉంది.

"వదినా, గిది ఇప్పటికీ పూయలేదా? ఎన్నేండ్లాయె నువ్వు పెట్టి!"

"పూయదు."

"ఎందుకు పూస్తది? నువ్వు నీళ్లు బందు చెయ్యవాయె. మా పక్కింటామె పుష్యమాసం రాంగనే నీళ్లు ఆపుతది, ఆకంత దూసి పడేస్తది. ఎండకాలం వచ్చి చూడు, బుట్టలకు బుట్టలు!"

నాకు తెలీదనుకుంది పాపం. మల్లెకు నీళ్లు ఎప్పుడాపాలో, ఆకు ఎట్లా దూయాలో నాకు చెప్పడానికి వచ్చింది. పైపు మల్లె మొదట్లో వేసి ఉంటే అట్లాగే ఉంచి, చాయ్ పెట్టడానికి లోపలికి పోయాను.

చాయ్ తాగుతూ అసలు సంగతి చెప్పింది. ఆమె బిడ్డకు నెలలు నిండుతున్నాయట. "తల్లిగారింట్ల కాన్పు అంటే అన్నీ నేనే చూడాలె గదా వదినా. నన్ను పెంచిన నాయినమ్మ ఎప్పుడో పాయె. మా అమ్మ ఉంటే అడుగుదును. బాలెంతకు పత్యం మీ ఇంట్ల ఎట్ల చేసేటోళ్లో జెర చెప్పు. మా అమ్మమ్మ చేతి పత్యమంటే గల్లీ మొత్తం పేరంట గదా?"

ఆమె అమ్మమ్మ అంటే మా నాయనమ్మ. గిలాస ఒరిగి చాయ్ నా చీర మీద పడింది. వాళ్లమ్మను ఈ పిల్ల చూడనైనా చూడలేదు. వాళ్లమ్మ ఎట్లా పోయిందంటే, కాన్పు తర్వాత జ్వరమొచ్చి పోయిందని మాత్రమే తెలుసు. మేమందరం కలిసి ఆమెకు ఇచ్చింది ఆ ఒక్క మాటే. చీర కడుక్కొస్తానని లేచి, వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

మా ఇల్లు అప్పుడు పాతబస్తీలో, చుడీబజారుకు నడిచి పోయేంత దూరంలో ఉండేది. గల్లీలోంచి చూస్తే ఒక తలుపు, ఒక కిటికీ, అంతే. లోపలికి వస్తే మాత్రం ఆకాశం కనపడే వాకిలి, మూలకు గిరక బావి, బావి పక్కన బట్టలుతికే బండ, బండ కింద నుంచి గల్లీలోకి పారే మోరి, అంటే మురుగుకాలువ. పక్కింటి ముస్లిం ఆవిడను మేం ఖాలా అని, అంటే పిన్నీ అని, పిలిచేవాళ్లం. పొద్దున్నే ఖాలా వాళ్ల పొయ్యి మీద ఉల్లిగడ్డలు ఎర్రగా వేగే వాసన గోడ దూకి వచ్చేది. మా పిడకల పొగా, జొన్నరొట్టె కాలే వాసనా వాళ్లింటికి పోయేవి. ఎండాకాలం సాయంత్రాలు మాత్రం ఏ ఇంటి వాసనా నిలిచేది కాదు. గల్లీ మొత్తం మా మల్లె వాసనే.

మా నాన్న, బాపు అనేవాళ్లం, కరెంటాఫీసులో లైన్‌మన్. తాత నేను పుట్టకముందే పోయాడు కాబట్టి ఇంటికి పెద్ద నాయనమ్మే. సన్నగా, పొట్టిగా ఉండేది, నోట్లో ఎప్పుడూ వక్క నానుతుండేది. మాటంటే మాటే, బాపు అంతటి మనిషి కూడా ఎదురు చెప్పేవాడు కాదు. గల్లీ వాళ్లు రెండు సంగతులకు ఆమె గడప తొక్కేవాళ్లు. ఒకటి మల్లెచెట్టు పూయకపోతే, రెండు ఇంట్లో బాలింత ఉంటే.

పుష్యమాసం వచ్చిందంటే మల్లెకు నీళ్లు బందు. చుట్టూ కట్టిన మట్టి గట్టు పారతో లాగేసేది. మేం ఆడి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, "అటు పోండ్రి, మల్లె దిక్కు చుక్క రానియ్యకుండ్రి!" అని కట్టె ఎత్తేది. ఆకులు వడలి పసుపు తిరిగాక పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టి ఆకు దూయించేది. కొమ్మను రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే ఆకంతా గుప్పిట్లోకి వచ్చేది. చేతులకు చేదు పసరు అంటుకునేది, ఎన్నిసార్లు కడిగినా అన్నంలోకి ఆ చేదు వచ్చేది.

దూసిన ఆకంతా ఖాలా వాళ్ల మేకకు. ఒకసారి నేనూ మా అన్నా కలిసి ఆ ఆకుల్లో నాయనమ్మ నస్యం కలిపి పెట్టాం. మేక తిన్నది, తిని తుమ్మింది, తుమ్మి తుమ్మి గోడకు తల కొట్టుకుంది. ఖాలా పరుగెత్తుకొచ్చి, "అరే షైతాన్లూ, నా బక్రీని సంపుతరా ఏంది!" అని మమ్మల్ని వాకిలంతా తరిమింది. నాయనమ్మ మా వీపులు వాయగొట్టి, తర్వాత ఉడకబెట్టిన కందగడ్డలు, అంటే చిలగడదుంపలు, తలా ఒకటి చేతిలో పెట్టింది. ఏడుస్తూనే తిన్నాం.

ఆకంతా పోయాక అది చెట్టులా ఉండేది కాదు, చీపురులా ఉండేది. చూస్తే నాకు భయమేసేది.

"నాయినమ్మా, ఇది సచ్చిపోదా?"

"సావదే. మల్లెది గట్టి పానం. దూపకు ఉంచితెనే దానికి బుద్ధొస్తది. కడుపునిండ తాగెదానికి పూసే పనేముంది? ఆకులేసుకుంట కూసుంటది. శివరాత్రి పోనీ, నీళ్లిడుస్త, అప్పుడు సూడు."

దూప అంటే మా దగ్గర దాహం. ఆమె చెప్పినట్టే జరిగేది. శివరాత్రి దాటాక పేడ ఎరువు వేసి, గట్టు కట్టి, బొక్కెనల కొద్దీ నీళ్లు వదిలేది. ఆ మోడులోంచి కణుపు కణుపుకూ చిగుళ్లు లేచేవి, చిగురు చివర గుండ్రటి మొగ్గలు గుత్తులు కట్టేవి. పూల గజ్రాలు కట్టి అమ్మే ముసలాయన మిట్టమధ్యాహ్నమే వచ్చి మా గడప మీద కూర్చునేవాడు.

జాజి దగ్గర ఇవేమీ పనికిరావు. అది మోరి ఒడ్డున ఉండేది. స్నానాల నీళ్లు, బట్టలుతికిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు అన్నీ దాని కాళ్ల కిందికే. మల్లెకు పొద్దంతా ఎండ కావాలి, జాజికి మధ్యాహ్నం కాస్త నీడ దొరకాలి. మల్లె తన కొమ్మల మీద తను నిలబడుతుంది, జాజికి తాడు కట్టి చెయ్యి పట్టుకోవాలి. మల్లె పువ్వు దండ కట్టి తల్లో పెట్టుకుంటే మర్నాటి దాకా ఉంటుంది. జాజి రేకు ఎంత పలచనంటే, వేలితో గట్టిగా పడితే మచ్చ పడుతుంది. గజ్రా ముసలాయన దాన్ని ముట్టేవాడు కాదు. "చమేలీ నాజూక్ హై అమ్మా, బజార్ పోయేలోపే మర్ జాతీ, సచ్చిపోతది" అనేవాడు.

ఆ జాజి చిన్నత్తది. బాపుకు ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్లికాక ముందు పొద్దస్తమానం నన్ను చంకనేసుకుని తిరిగేది. చుడీబజారుకు తీసుకుపోయి, కొనకుండానే దుకాణం దుకాణంలో గాజులు తొడిగించి చూపించేది. దుకాణపాయన విసుక్కుంటే, "ఫికర్ చెయ్యకు భాయ్, రేపు కొంటం" అని నా చెయ్యి పట్టుకుని పరుగు. చింతపండు ఉప్పూ కారం కలిపి దంచి, చీపురుపుల్లకు గుచ్చి ఇచ్చేది. దగ్గరికి వస్తే ఆమె జడలోంచి జాజి వాసన వచ్చేది. నాకు మా అమ్మ కంటే ఆమే ఎక్కువ ఇష్టం. అమ్మకు కూడా ఆ సంగతి తెలుసు.

ఒక చలికాలం నాయనమ్మకు ఏం తోచిందో, జాజిని కూడా ఎండబెట్టి చూద్దామనుకుంది. మోరికి ఇటుక అడ్డం పెట్టి నీళ్లు పక్కకు మళ్లించింది. కొద్ది రోజులకే తీగ తల వేలాడేసింది. చిన్నత్త చూసి అన్నం మానేసింది.

"దానికి మాట రాదని సంపుతున్నవా అమ్మా?" అని ఒకటే లొల్లి.

ఇటుకను కాలితో తన్ని, బావిలోంచి చేది చేది పోసింది. సగం తీగ ఎండిపోయింది, సగం బతికింది. నాయనమ్మ తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. తీగ మొదట్లో గొంతుక్కూర్చుని, వేళ్లతో కాండం తడిమి తడిమి చూసింది.

"దీని జాతి వేరే. దీనికి దూప ఆగది. నాదే తప్పు బిడ్డా" అంది.

తర్వాత ఏ ఏడూ జాజికి నీళ్లాపలేదు. చెట్ల దగ్గర ఆమె ఒకసారి నేర్చుకున్నది మరిచిపోయేది కాదు. నాకు ఇప్పటికీ మింగుడు పడనిది అదే.

చిన్నత్తకు మలక్‌పేటలో వర్క్‌షాపులో పనిచేసే అతనితో పెళ్లయింది. మొదటి కాన్పుకి మా ఇంటికి వచ్చింది. అది మల్లెకు నీళ్లాపిన మాసమే. ఆ ఏడు మేం ఆకు దూస్తుంటే, బండ మీద కాళ్లు చాపుకుని కూర్చుని, పొట్ట మీద చెయ్యేసుకుని నవ్వుతూ, "జెర మెల్లగ దూయుండ్రే, దానికి నొస్తది" అంది. నాయనమ్మ కూడా నవ్వింది. ఆ ఇంట్లో అందరం కలిసి నవ్వింది అదే చివరిసారి.

దాయి, అంటే మంత్రసాని, వచ్చింది, కాన్పు ఇంట్లోనే అయింది. ఆడపిల్ల. బాపు గల్లీ అంతా చక్కెర పంచాడు. నాయనమ్మ చీర చెంగు బొడ్లో దోపి తన పని మొదలుపెట్టింది. వాకిలి పక్క చిన్న గదిలో నులక మంచం, మంచం కింద నిప్పుల కుంపటి, కుంపట్లో వాము పొగ. చిన్నత్త చెవుల్లో దూది, తలకు గుడ్డ. పాతబియ్యం అన్నంలో ఎల్లిగడ్డ కారం. నీళ్లు మాత్రం పొద్దున చిన్న గిలాసెడు, మాపటికి చిన్న గిలాసెడు, అదీ వాము వేసి కాచినవి. పచ్చి బాలింత నీళ్లు తాగితే సన్నిపాతం కమ్ముతుందని, ఒళ్లు నీరుపడుతుందని ఆమె నమ్మకం. ఆమె ఒక్కతిదే కాదు, అప్పట్లో ఆ గల్లీలో మా వాళ్లందరి నమ్మకమూ అదే.

చిన్నత్త దూప దూప అంటే నాయనమ్మ మా అమ్మను చూపించేది. "ఆమెను సూడు. ముగ్గుర్ని కన్నది. ఒక్కనాడు గుక్కెడు నీళ్లడగలే. ఎట్లున్నదో సూడు, రాయి లెక్క!"

అమ్మ తలెత్తేది కాదు. రొట్టె చరుస్తూ ఉండేది.

వారం తిరక్కుండానే చిన్నత్తకు జ్వరం వచ్చింది. నాయనమ్మ గదంతా వెతికింది, మంచం కిందా, బట్టల మూటలోనూ. ఎక్కడో ఏదో తాగే ఉంటుందని, అందుకే జ్వరం తగులుకుందని తేల్చింది. రోజూ నెత్తి మీద నుంచి తనే పోసే వేపాకు నీళ్ల స్నానం ఆపేసింది. నీళ్ల గిలాస ఇంకా చిన్నదయింది. బయట మాఘమాసపు ఎండ ముదురుతోంది, లోపల కుంపటి మండుతూనే ఉంది.

ఆ గదికి ఎదురుగానే అరుగు మీద నీళ్ల రంజన్ ఉండేది. పెద్ద మట్టి కుండ, కింద ఇసుక. కుండ ఒంటి మీద చెమ్మ పట్టి, బొట్టు బొట్టుగా జారి ఇసుక తడిసేది. చిన్నత్త పక్కకు తిరిగి పడుకుని ఆ తడి ఇసుకను చూస్తూ ఉండేది. అది గమనించి నాయనమ్మ తలుపుకు గోనెపట్టా కట్టింది.

ఖాలాకు గోడ అవతల నుంచి అంతా వినపడేది. వాళ్లలో బాలింతకు హరీరా కాచి ఇస్తారు, బాదంపప్పు, పాలు, నెయ్యి వేసి వేడివేడిగా తాగిస్తారు. పెద్ద కటోరాలో పోసి, మీద పళ్లెం మూసి, తనే తెచ్చింది.

"అమ్మా, బచ్చీ గలా ఎండిపోయింది, గొంతుల ఆవాజ్ కూడ వస్తలేదు. జెర గిది తాగనియ్యి. నేను ఐదుగురిని కన్న, గిదే తాగిన."

నాయనమ్మ రెండు చేతులా తీసుకుంది. "మంచిది బిడ్డా, తాపుత" అంది. ఖాలా అటు తిరగగానే మోరి దగ్గరికి నడిచి, కటోరా జాజి మొదట్లో వంచేసింది. బాదం ముక్కలు నురగలో తేలుతూ పోయాయి. నేను బండ వెనక నుంచి చూశాను.

ఆ మధ్యాహ్నం నేను ఓపలేకపోయాను. లంగా కొస రంజన్‌లో ముంచి, పిడికిట్లో దాచి, గోనెపట్టా కింద నుంచి దూరాను. చిన్నత్త పెదాలు పగిలి పొట్టు లేచి ఉన్నాయి. గుడ్డ నోటి మీద పిండితే చప్పరించింది, నా వేళ్లు కూడా చప్పరించింది. "ఇంకొంచెం తే నా తల్లి" అంది. మళ్లీ పోయి తెచ్చాను. మూడోసారి వస్తుంటే నేల మీద కారిన చుక్కల వెంట నాయనమ్మ వచ్చింది. చెంపలు వాచేలా కొట్టి, నన్ను బయటికి ఈడ్చి, "దాన్ని సంపుదామనుకుంటున్నవా?" అని అరిచింది. అరుస్తూ ఏడ్చింది కూడా. అది నటన కాదు. తన బిడ్డ ప్రాణం నేను తీస్తున్నానని ఆమె నిజంగా భయపడింది. ఆమె మీద నాకు పూర్తిగా కోపం రానియ్యకుండా అడ్డం పడేది ఆ ఏడుపే.

బాపు డ్యూటీ నుంచి వచ్చి చెల్లెల్ని చూసి గడపలోనే ఆగిపోయాడు. "అమ్మా, దవాఖానకు తీస్కపోదాం."

"తీస్కపోయి? సల్లటి నీళ్లు తాపుతరు, సల్లటి గాలిల పండవెడతరు, పానం తీస్తరు. నా చేతిల ఎంతమంది బాలెంతలు లేసిర్రు? నీ పెండ్లాం లేవలేదా? నీ ముగ్గురు పిల్లలు నీ కండ్లముందట లేరా?"

బాపు అమ్మ వైపు చూశాడు. అమ్మ నేల చూపులు చూసింది. బాపు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

మర్నాడు చిన్నత్తకు మాట తడబడింది. పిల్లను పక్కన పెడితే గుర్తు పట్టలేదు. ఉన్నట్టుండి నాయనమ్మ చెయ్యి పట్టుకుని, స్పష్టంగా, చిన్నపిల్లలా అడిగింది.

"అమ్మా, నన్ను తీస్కపోయి మోరి పక్కన పండవెట్టవే. జాజి కాడ."

ఆ మాట నాయనమ్మకు ఎక్కడ తగిలిందో నాకు తెలియదు. లేచి, రంజన్‌లోంచి చెంబు నిండా ముంచుకొచ్చి, చిన్నత్త తల ఒళ్లో పెట్టుకుని నోట్లో పోసింది. గుటక పడలేదు. నీళ్లు పెదవి చివర నుంచి కారి నాయనమ్మ చీర తడిసింది. అప్పుడు కేక పెట్టింది. అట్లాంటి కేక నేను మళ్లీ వినలేదు, వినకూడదు కూడా.

బాపు రిక్షా పిలిచాడు. ఖాలా బురఖా అయినా వేసుకోకుండా గల్లీలోకి పరుగెత్తి దారి తెరిపించింది. దవాఖానలో సెలైన్ సీసా తగిలించారట. డాక్టరమ్మ బాపును అడిగిందట, "ఈమెకు నీళ్లు ఇచ్చారా అసలు? జ్వరం ఒక్కటే అయితే చూసేదాన్ని. ఒంట్లో నీరే లేదు." సీసా సగం కూడా కాలేదు. పొద్దుగూకే ముందే తీసుకొచ్చేశారు.

అంత్యక్రియలకు పోయి వచ్చిన వాళ్లంతా మా బావి దగ్గరే నెత్తి మీద నీళ్లు పోసుకున్నారు. బొక్కెన మీద బొక్కెన. మోరికి పట్టక నీళ్లు వాకిలంతా పారి, గట్టు లేని మల్లె మొదట్లో నిలిచాయి. అంతమందిలో ఎవరూ చూడలేదు. చూసినా అడ్డం కట్టే మనిషి ఆ రోజు లేదు.

కర్మలు ముగిశాక ఒక రోజు నాయనమ్మ బండ మీద కూర్చుని తనలో తను గొణుగుతోంది. "నా కోడలు ముగ్గుర్ని కన్నది. దానికేం గాలే. గదే పత్యం, గదే చెయ్యి. నా బిడ్డకే ఎందుకిట్లయింది దేవుడా?"

అమ్మ పసిపిల్లకు పాలిస్తోంది. మా తమ్ముడు అప్పటికింకా పాలు తాగుతుండడంతో, ఆ పిల్లను కూడా అమ్మే రొమ్ముకు వేసుకుంది. తల వంచుకునే మాట్లాడింది.

"నేను తాగిన అత్తా."

నాయనమ్మకు అర్థం కాలేదు.

"తానం పోసేటప్పుడు నువ్వు నెత్తి మీద పోస్తవ్ గదా. నోరు తెరిసి తాగిన. వేపాకు చేదు. రోజు కడుపునిండ తాగిన. ముగ్గురప్పుడు గట్లనే తాగిన. నీ బిడ్డకు గూడ చెవుల చెప్పిన. గని జరమొచ్చి తానం బందయింది."

నాయనమ్మ నోట్లో వక్క నమలడం ఆగిపోయింది. అమ్మ అప్పుడు ఏడ్చింది. "నీకు చెప్పాలంటే భయమైంది అత్తా. ఆయన నా దిక్కు చూసిండు, అప్పుడన్న చెప్పాల్సింది. చెప్పలే." పాలు తాగుతున్న పిల్ల ఉలిక్కిపడి రొమ్ము వదిలేసింది. అమ్మ దాన్ని సర్దుకుని మళ్లీ అందించింది. నాయనమ్మ కోడల్ని తిట్టలేదు, కొట్టలేదు. లేచి, నోట్లో వక్క ఉమ్మేసింది. మళ్లీ వక్క వేసుకోవడం నేను చూడలేదు.

ఆ ఏడు పూసినట్టు మల్లె అంతకుముందెప్పుడూ పూయలేదు. కొమ్మ కనపడకుండా మొగ్గలు. గజ్రా ముసలాయన వచ్చి గడప మీద కూర్చుంటే నాయనమ్మ లోపలి నుంచే, "పువ్వుల్లేవ్, పో" అంది. ఆయన కళ్లెదురుగా తెల్లగా విరగపూసిన చెట్టు. చూశాడు, లేచిపోయాడు, మళ్లీ రాలేదు. కోసే చెయ్యి లేక పువ్వులు అక్కడే విచ్చి, అక్కడే రాలి, తొక్కుడుపడి ఎర్రబడ్డాయి. ఇల్లంతా ఆ వాసన. అన్నం ముద్దలో ఆ వాసన, పరుపుల్లో ఆ వాసన. నేను ముద్ద పక్కన పెట్టేసేదాన్ని. ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎవరైనా మల్లెదండ చేతికిస్తే పక్కవాళ్లకు ఇచ్చేస్తాను.

ఎండాకాలం అయిపోతుండగా మలక్‌పేట వాళ్లు వచ్చి పిల్లను తీసుకుపోయారు. అమ్మ రొమ్ములు గడ్డకట్టి మూలుగుతూ తిరిగింది. వాళ్లకు జ్వరమని చెప్పాం. అంతకు మించి చెప్పే నోరు ఎవరికుంది?

తర్వాతి పుష్యమాసం వచ్చింది. నాయనమ్మ పొద్దున్నే బొక్కెన తీసుకుని మల్లె దగ్గరికి పోయింది. గట్టు లాగేస్తుందేమో అనుకున్నాం. గట్టు ఇంకా ఎత్తు చేసి, నిండా నీళ్లు పోసింది. సాయంత్రం మళ్లీ పోసింది. రోజూ అంతే. బాపు చూసి చూసి మెల్లగా అన్నాడు. "అమ్మా, నీళ్లు బందు చెయ్యవా? గిట్లయితే పూయది గద."

"పూయకుంటే పాయె" అంది. "దూపతోని ఎందుకుండాలె?"

ఆ చెట్టు మళ్లీ పూయలేదు. ఆకులేసుకుంటూ, ఆమె అప్పట్లో తిట్టినట్టే, కూర్చుంది. పక్కన జాజి ఎప్పటిలాగే పూసేది, దాని వైపు నాయనమ్మ చూసేది కాదు. కొన్నేళ్లు బతికింది. గల్లీలో ఎవరు అడుగుపెట్టినా చెంబుతో ఎదురుపోయేది, వద్దన్నా తాగించేది. పత్యం అడగడానికి వచ్చిన వాళ్లను లోపలికి రానిచ్చేది కాదు. ఆఖర్న మంచం పట్టాక తను మాత్రం నీళ్లు తాగలేదు. తులసి నీళ్లు పోద్దామని బాపు చెంచా పెట్టి పెదాలు తెరవబోతే, పళ్లు గట్టిగా కరిచి పట్టుకుంది. చివరిదాకా తెరవలేదు.

"వదినా! చీర కడుగుతున్నవా, కొత్త చీర నేస్తున్నవా?" బయట నుంచి మరదలు కేకేసింది.

కళ్లు తుడుచుకుని బయటికి వచ్చాను. ఆమె నవ్వితే చిన్నత్త సొట్టే పడుతుంది బుగ్గన. చిన్నత్త చూడని వయసు ఆమెది, రేపో మాపో అమ్మమ్మ కాబోతోంది. చెప్పాలనుకున్నాను. నోటి దాకా వచ్చింది. చెప్పి ఏం చేస్తాను? వాళ్లమ్మను తెచ్చివ్వగలనా? ఆమెకు పాలిచ్చి బతికించిన మా అమ్మను ఆమె ముందు నిలబెట్టి దోషిని చెయ్యనా? చెప్పలేదు. ఇక చెప్పను కూడా. నాతోనే పోతుంది.

"పత్యం గిత్యం ఏం లేదు పిల్లా. నీళ్లియ్యి. అడిగినప్పుడల్ల ఇయ్యి. అడగకున్నా ఇయ్యి."

"గంతేనా? గదేం పత్యం వదినా?" అని పకపకా నవ్వింది. "మరి మా అమ్మమ్మకు గంత పేరెట్లొచ్చింది?"

"ఏమో, నాకేం తెలుసు? నేను అప్పుడు చిన్నదాన్ని."

పోతూ పోతూ మల్లె దగ్గర ఆగింది. గొంతుక్కూర్చుని వేళ్లతో మొదలు తడిమి చూసింది. ఎవరూ నేర్పకుండానే అచ్చం నాయనమ్మ తడిమినట్టే తడిమింది.

"గట్టి చెట్టే. నా మాటిను వదినా, జెర ఎండబెట్టు, పూస్తది" అని, లేచి నల్లా తిప్పి కట్టేసింది. పైపులోంచి నీళ్లు ఆగిపోయాయి.

సరేనన్నాను. గేటు దాకా పోయి ఆటో ఎక్కించి, గల్లీ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను. తర్వాత వెనక్కి వచ్చి నల్లా మళ్లీ తిప్పాను.